వంటింటి గ్యాసు గొట్టానికి ఎర్తు తీగ: ఎందుకు, ఎక్కడ, ఎట్లా?

మన వంటిళ్ళలోకి గ్యాసు ఇప్పుడు ఒక్క దారిన రావడం లేదు. రబ్బరు గొట్టం తగిలించిన సిలిండరు అందరికీ తెలిసినదే. సిలిండరును వరండాలో ఉంచి, గోడలోనుంచి రాగి గొట్టం ద్వారా పొయ్యికి గ్యాసు తెచ్చుకొనేవారు పెరుగుతున్నారు. పశుసంపద గల ఇళ్ళలో గోబర్ గ్యాసు తొట్టినుంచి ఇనుప గొట్టం వంటింటికి వస్తుంది. బెంగళూరు, హైదరాబాదు, విజయవాడ, కాకినాడ వంటి నగరాలలో వీధి గొట్టాల ద్వారా సహజ వాయువు నేరుగా ఇంటికే అందుతున్నది. పట్టణాలలో స్థిరపడిన మన పిల్లల ఇళ్ళలో ఆ గొట్టాలను మనం చూస్తూనే ఉన్నాము.

గ్యాసు కారకుండా చూసుకోవాలని అందరికీ తెలుసు. అయితే లోహపు గొట్టానికి విద్యుత్తుతోనూ సంబంధం కలదన్న విషయం చాలామంది దృష్టికి రాదు. ఆ సంబంధాన్ని సరిచేసే పద్ధతికే ‘బాండింగు’ అని పేరు. ఈ వ్యాసం చెప్పదలచిన ముఖ్య విషయం రెండు వాక్యాలలో ఇమిడి ఉన్నది. లోహపు గ్యాసు గొట్టాన్ని ఇంటి ఎర్తుకు కలపాలి. గ్యాసు గొట్టాన్నే ఎర్తుగా వాడరాదు. ఈ రెండు మాటలూ వినడానికి ఒకటిగా తోచినా, వీటి మధ్య ప్రాణరక్షణకూ ప్రాణాపాయానికీ ఉన్నంత దూరం కలదు.

ఏ ఇంటికి వర్తిస్తుంది?

ముందుగా మీ ఇంటి గ్యాసు ఏ దారిన వస్తున్నదో గుర్తించండి.

1. సిలిండరు, రెగ్యులేటరు, రబ్బరు గొట్టం, పొయ్యి: ఇంతే ఉన్న ఇంటికి బాండింగు అవసరం లేదు. అక్కడ గోడకు బిగించిన లోహపు గొట్టమే లేదు. సిలిండరుకు గాని, రెగ్యులేటరుకు గాని తీగలు చుట్టరాదు.

2. బయట సిలిండరు, గోడలోనుంచి రాగి గొట్టం: గొట్టం పొట్టిగా ఉండి, నేలనూ విద్యుత్ తీగలనూ తాకకుండా ఉంటే ప్రమాదం తక్కువ. నేలలోనుంచి వచ్చినా, గోడలోని ఇనుప చువ్వలను తాకుతున్నా, విద్యుత్ తీగల పక్కగా పోతున్నా బాండింగు చేయించాలి.

3. గోబర్ గ్యాసు: దీనిని ప్రత్యేకంగా చూడాలి. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 1962 నుంచి ప్రచారం చేసిన తేలే డ్రమ్ము నమూనాలో, పెద్ద ఇనుప డ్రమ్ము పేడనీళ్ళలో తేలుతూ ఉంటుంది. దానినుంచి వంటింటికి వచ్చే ఇనుప గొట్టం తడినేలతో గట్టి సంబంధం కలిగి ఉంటుంది. అటువంటి గొట్టానికి బాండింగు తప్పనిసరి. 1984లో వచ్చిన దీనబంధు నమూనాలో ఇటుకల గుమ్మటమే ఉంటుంది, ఇనుప డ్రమ్ము ఉండదు. అయినా గొట్టం ఇనుపదై నేలలో పాతినదైతే ఇదే మాట వర్తిస్తుంది. గొట్టం పొడుగునా ప్లాస్టిక్ అయితే బాండింగు అక్కరలేదు.

4. వీధి గొట్టపు సహజ వాయువు: వీధిలో నేలకింద ఉండేది సాధారణంగా పసుపు లేక నారింజ రంగు పాలిథిలీన్ గొట్టం. నేలపైకి వచ్చిన తరువాత జి.ఐ. గొట్టం గోడ వెంట ఎక్కి మీటరుకు, అక్కడినుంచి పొయ్యి దగ్గరకు వస్తుంది. ఈ లోహపు భాగానికి, మీటరు దాటిన తరువాత మన వైపున, బాండింగు ఉండాలి.

ఎర్తింగు వేరు, బాండింగు వేరు

ఎర్తింగు అనగా ఇంటి విద్యుత్ పరికరాల లోహపు ఒంటిని, పచ్చ తీగ ద్వారా, నేలలో పాతిన ఎర్తు కడ్డీకి గాని గొట్టానికి గాని కలపడం. గ్రైండరు లోపల ఫేజు తీగ తొడుగు చెడి ఒంటికి తగిలితే, ఆ విద్యుత్తు మనిషి ద్వారా కాక పచ్చ తీగ ద్వారా నేలకు పోవాలన్నది దీని ఉద్దేశం.

బాండింగు అనగా ఇంట్లో మనిషి చేతికి అందే వేర్వేరు లోహాలను, అనగా గ్యాసు గొట్టం, ఇనుప నీటి గొట్టం, ఇంటి ఎర్తు, వీటన్నిటినీ లావుపాటి రాగి తీగతో ఒకదానితో ఒకటి కలపడం. విద్యుత్తు ఎక్కడైనా తప్పిపోయినప్పుడు ఈ లోహాలన్నీ ఒకే పొటెన్షియల్‌లో ఉండాలన్నది దీని ఉద్దేశం. పొటెన్షియల్ భేదం లేనిచోట ప్రవాహం లేదని మన పిల్లలు పదవ తరగతిలోనే చదువుకుంటారు. తీగ మీద వాలిన పిట్టకు షాకు తగలకపోవడానికి కారణం కూడా ఇదే: దాని రెండు కాళ్ళూ ఒకే పొటెన్షియల్‌లో ఉంటాయి.

గ్యాసు గొట్టం నేలతో సంబంధం కలిగి ఉంటే, ఆ గొట్టంతోపాటు భూమి కూడా వంటింట్లోకి వచ్చినట్లే. చెక్కపీట మీద నిలబడి చెడిపోయిన గ్రైండరును తాకిన గృహిణికి చురుక్కుమనడంతో పోవచ్చును. అదే గృహిణి రెండవ చెయ్యి గ్యాసు గొట్టం మీద ఉంటే, విద్యుత్తు ఒక చేతినుంచి రెండవ చేతికి గుండె మీదుగా పోతుంది. అన్ని దారులలోకీ ప్రమాదకరమైన దారులలో అది ఒకటి.

లెక్క వేసి చూస్తే

మన పల్లెలలో చాలా ఇళ్ళకు సొంత ఎర్తు గుంతే ఆధారం. ఆ గుంత నిరోధం 10 ఓములు, ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఎర్తు నిరోధం 1 ఓము అనుకుందాము. గ్రైండరు ఒంటికి 230 వోల్టుల ఫేజు తగిలితే ప్రవహించే విద్యుత్తు 230ని 11తో భాగించగా సుమారు 21 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దీనిని వెంటనే ఆపదు, చాలా నిమిషాలు పట్టవచ్చును. లావు తీగ చుట్టిన పాత ఫ్యూజు అసలే ఆపకపోవచ్చును.

ఆ నిమిషాలలో గ్రైండరు ఒంటి మీద ఎన్ని వోల్టులు ఉంటాయి? 21ని 10తో గుణిస్తే సుమారు 210 వోల్టులు. ఎర్తు ఉన్నది కదా అని నమ్మిన పరికరం మీదనే 210 వోల్టులు! పక్కనే ఉన్న గోబర్ గ్యాసు గొట్టం నేల పొటెన్షియల్‌లో, అనగా సున్న దగ్గర, ఉంటుంది. రెండింటినీ పట్టుకున్న మనిషి శరీర నిరోధం 1500 ఓములు అనుకుంటే, ఒంట్లో పారేది సుమారు 140 మిల్లీ ఆంపియర్లు. పది మిల్లీ ఆంపియర్ల దగ్గరే కండరాలు బిగుసుకొని పట్టు వదలలేని స్థితి వస్తుంది. ముప్పై దాటి కొంతసేపు ఉంటే ఊపిరి కష్టమవుతుంది. నూరు దాటితే గుండె లయ తప్పి ప్రాణం పోయే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు ఆ గొట్టాన్నీ ఇంటి ఎర్తునూ రాగి తీగతో కలిపామనుకోండి. గ్రైండరు ఒంటి పొటెన్షియల్ ఎంత ఉంటే గొట్టానిది కూడా దాదాపు అంతే ఉంటుంది. రెండు చేతుల మధ్య భేదం నామమాత్రం. బాండింగు చేసే మేలు ఇదే.

అయితే దీని హద్దు కూడా తెలుసుకోవాలి. గ్రైండరును తాకిన మనిషి పాదాలు తడినేల మీద ఉంటే, చేతికీ పాదానికీ మధ్య భేదం ఇంకా ఉంటుంది. ఆ ప్రమాదాన్ని తప్పించేది ఆర్.సి.సి.బి. అనే రక్షణ పరికరం. ఫేజులో పోయిన విద్యుత్తు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా 30 మిల్లీ ఆంపియర్ల మేర తప్పిపోతే, అది కన్నుమూసి తెరిచేలోగా సరఫరాను నిలిపివేస్తుంది. పై లెక్కలోని 21 ఆంపియర్లు దాని ముందు చాలా పెద్ద మొత్తం. కావున ఎర్తు, ఆర్.సి.సి.బి., బాండింగు మూడూ కలిసి ఉన్నప్పుడే రక్షణ పూర్తి అవుతుంది. ఒకటి ఉన్నదని మరొకటి మానరాదు.

నిప్పురవ్వ సంగతి

షాకు ఒక్కటే ప్రమాదం కాదు. సహజ వాయువు గాలిలో 5 నుంచి 15 శాతం వరకు, వంటగ్యాసు సుమారు 2 నుంచి 9 శాతం వరకు కలిసినప్పుడు అంటుకుంటాయి. అంటుకోవడానికి కావలసిన శక్తి అత్యల్పం. అర మిల్లీ జౌలు కంటె తక్కువ. స్విచ్చు వేసినప్పుడు లోపల మెరిసే చిన్న రవ్వ కూడా అందుకు చాలును.

బాండింగు లేని గొట్టానికి ఎక్కడో తీగ తొడుగు అరిగి విద్యుత్తు తగిలినదనుకుందాము. ఆ విద్యుత్తు నేలకు దారి వెదుకుతూ, గొట్టం మరొక లోహాన్ని వదులుగా తాకినచోట రవ్వలు చిమ్ముతుంది. గొట్టం పలుచనిదైతే ఆ రవ్వలకే చిల్లు పడవచ్చును. కొన్ని దేశాలలో వాడే ముడతల స్టెయిన్‌లెస్ స్టీలు గ్యాసు గొట్టం విషయంలో ఇదే జరిగినది. పిడుగు దగ్గరలో పడినప్పుడు, పొటెన్షియల్ భేదం వలన రవ్వ దూకి, ఆ పలుచని గొట్టాలకు చిల్లులు పడిన సంఘటనలు అమెరికాలో కలవు. అందువలన అక్కడి ఇంధన వాయు నియమావళి 2009 నుంచి ఆ గొట్టాలకు నేరుగా లావు రాగి తీగతో బాండింగు తప్పనిసరి చేసినది. అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్ళ నేలమాళిగలలో గ్యాసు గొట్టానికి బిగించిన రాగి తీగ కనిపిస్తే, దానికి కారణం ఇదేనని గ్రహించండి.

గొట్టం విప్పి మరమ్మతు చేసేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. గొట్టంలో తప్పుదారి పట్టిన విద్యుత్తు పారుతూ ఉంటే, గొట్టం విడిపోయిన క్షణంలో అక్కడ రవ్వ పుడుతుంది. గ్యాసు కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది. కావున తెలిసిన పనివారు విప్పబోయే చోటుకు రెండు వైపులా ముందుగా తాత్కాలికపు తీగ కలిపి, ఆ తరువాతనే గొట్టం విప్పుతారు.

నియమాలు ఏమంటున్నాయి?

సరిహద్దుకు ఏ వైపున ఉన్నా ఈ విషయంలో దేశమంతటికీ ప్రమాణం ఒక్కటే. ఎర్తింగుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3043. ఇది 1966లో వెలువడి, 1987లోను, 2018లోను సవరించబడినది. జాతీయ విద్యుత్ నియమావళి 1985లో వచ్చి, 2011లోను, 2023లోను సవరించబడినది. చట్టబలం గల భద్రతా నిబంధనలను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ జారీ చేస్తుంది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల స్థానంలో 2010 నిబంధనలు, వాటి స్థానంలో 2023 నిబంధనలు వచ్చినవి. వీధి గొట్టాల గ్యాసు భద్రతకు పెట్రోలియం, సహజ వాయువు నియంత్రణ మండలి 2008లో ప్రత్యేక నిబంధనలు చేసినది.

వీటిలో గృహస్థు తెలుసుకోదగిన అంశాలు ఇవి.

బయటినుంచి ఇంట్లోకి వచ్చే లోహపు గ్యాసు గొట్టం, నీటి గొట్టం వంటివాటిని ఇంటి ప్రధాన ఎర్తు టెర్మినల్‌కు కలపాలి. కలిపే తీగ అడ్డుకోత వైశాల్యం, ఇంటి ప్రధాన ఎర్తు తీగలో కనీసం సగం ఉండాలి. ఎంత చిన్న ఇల్లయినా రాగి అయితే 6 చదరపు మిల్లీ మీటర్లకు తగ్గరాదు. ఎంత పెద్ద ఇల్లయినా 25 చదరపు మిల్లీ మీటర్లు మించనక్కరలేదు. ఫ్యాను, లైటు వైరింగులో మిగిలిన సన్నని తీగ ముక్క ఈ పనికి చాలదు.

ఎట్లా కలపాలి?

ఈ పని అనుమతిపత్రం గల ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. గొట్టం గ్యాసు సంస్థదైతే ముందుగా వారికి తెలియజేయాలి. పని సరిగా జరుగుతున్నదో లేదో చూసుకొనేందుకు గృహస్థుకు ఈ క్రమం తెలిసి ఉండడం మంచిది.

మొదటిది, స్థలం. గొట్టం ఇంట్లోకి ప్రవేశించే చోటుకు వీలైనంత దగ్గరగా, మీటరు ఉంటే మీటరు దాటిన తరువాత, కొమ్మలుగా చీలక ముందే క్లాంపు బిగించాలి. బ్రిటన్ నియమాలు మీటరునుంచి 60 సెంటీమీటర్ల లోపల అని కొలత కూడా చెబుతాయి. ఆ కొలత మనకూ అనుకూలమే.

రెండవది, క్లాంపు. గొట్టం చుట్టూ పట్టుకొనే ఇత్తడి లేక తగరపు పూత గల రాగి క్లాంపు వాడాలి. గొట్టం మీది పసుపు రంగును క్లాంపు వెడల్పు మేరకు గీకి లోహం కనిపించేట్లు చేయాలి. రంగు మీద బిగించిన క్లాంపు చూడడానికి బాండింగే గాని విద్యుత్తుకు దారి ఇవ్వదు. జి.ఐ. గొట్టాన్ని గీకేటప్పుడు జింకు పూతను పూర్తిగా తొలగించరాదు. గొట్టానికి రంధ్రం వేయడం, వెల్డింగు చేయడం ఎట్టి పరిస్థితిలోను కూడదు.

మూడవది, తీగ. పచ్చ లేక పచ్చ-పసుపు తొడుగు గల 6 చదరపు మిల్లీ మీటర్ల రాగి తీగను, చివర లగ్గు వేసి, క్లాంపునుంచి మెయిన్ బోర్డు వద్దనున్న ప్రధాన ఎర్తు టెర్మినల్ వరకు నడుమ అతుకు లేకుండా తీసుకొనిపోవాలి. దారిలో ఉన్న స్విచ్చు బోర్డు ఎర్తుకు తగిలించి ఊరుకోరాదు.

నాలుగవది, రక్షణ. యానాం, గంజాం తీరం వంటి ఉప్పుగాలి చోట్ల రాగి, ఇనుము కలిసినచోట త్వరగా తుప్పు పడుతుంది. బిగించిన తరువాత పెట్రోలియం జెల్లీ పూసి, తడి తగలని చోట ఉంచాలి. సున్నం వేసేవారు, రంగులు వేసేవారు విప్పకుండా, ‘రక్షణ తీగ, విప్పరాదు’ అని మీ ఇంటివారికీ పనివారికీ తెలిసిన భాషలో చిన్న చీటీ కట్టాలి.

అయిదవది, పరీక్ష. సరఫరా ఆపి, గొట్టానికీ ప్రధాన ఎర్తు టెర్మినల్‌కూ మధ్య నిరోధం కొలవాలి. అది ఒక ఓము కంటె చాలా తక్కువ ఉండాలి. ఎక్కువ చూపిస్తే క్లాంపు కింద రంగో తుప్పో ఉన్నట్లు లెక్క.

చేయకూడని పనులు

గ్యాసు గొట్టాన్ని ఎర్తుగా వాడరాదు. పూర్వం రేడియోకు, ఫ్రిజ్జుకు ఎర్తు తీగను నీటి కుళాయికి చుట్టే అలవాటు ఉండేది. తరువాత ఇనుప నీటి గొట్టాల నడుమ పి.వి.సి. ముక్కలు చేరి, ఆ ఎర్తులు ఎవరికీ తెలియకుండానే తెగిపోయినవి. గ్యాసు గొట్టం విషయంలో ఆ అలవాటు మరింత ప్రమాదకరం. వీధిలోని గొట్టం ప్లాస్టిక్ అయితే గొట్టానికి నేల సంబంధమే లేదు. తప్పిపోయిన విద్యుత్తు గొట్టం పొడుగునా నిలిచి, తాకినవారికి షాకు కొడుతుంది. గొట్టం ఇనుపదే అయితే అతుకుల దగ్గర రవ్వలు పుడతాయి. ఇంటికి సొంత ఎర్తు కడ్డీ ఉండాలి. గొట్టాన్ని రేపు తొలగించినా ఆ ఎర్తు అట్లాగే పనిచేయాలి. ఈ పరీక్షకు నిలిచినదే సరైన ఏర్పాటు.

గొట్టాన్ని న్యూట్రల్‌కు కలపరాదు. ఎర్తు లేని ఇళ్ళలో కొందరు మూడు రంధ్రాల ప్లగ్గులో న్యూట్రల్‌నూ ఎర్తునూ చిన్న తీగ ముక్కతో కలిపివేస్తారు. గాలివానకు స్తంభం మీద న్యూట్రల్ తెగిన రోజున, ఆ ఇంట్లోని ఫ్రిజ్జు, గ్రైండరు, పెట్టెల ఒంటి మీదికి 230 వోల్టులు వస్తాయి. గ్యాసు గొట్టం కూడా దానికే కలిపి ఉంటే గొట్టానికీ వస్తాయి. గొట్టం ఇరుగుపొరుగు ఇళ్ళకు కలిసి ఉన్నచోట, ఒక ఇంటి తప్పు మరొక ఇంటి పొయ్యి దగ్గర ప్రాణం తీయవచ్చును.

గ్యాసు సంస్థ వేసిన విద్యుద్బంధక అతుకును తీగతో దాటించరాదు. నేలలో ఉక్కు గొట్టాలు ఉన్నచోట, వాటికి తుప్పు పట్టకుండా ప్రత్యేక విద్యుత్ రక్షణ ఇస్తారు. అది మన ఇంటి లోహంతో కలవకుండా ఈ అతుకు అడ్డుపడుతుంది. మన బాండింగు ఎప్పుడూ దానికి ఇవతల, ఇంటివైపునే ఉండాలి.

విద్యుత్ తీగలను గ్యాసు గొట్టానికి కట్టరాదు. బట్టలారేసే తీగను గొట్టానికి ముడివేయరాదు. పొయ్యిదగ్గరి రబ్బరు గొట్టం లోపల ఉక్కు అల్లిక ఉన్నా దానిని బాండింగుగా లెక్కించరాదు. దాని మీద క్లాంపు బిగిస్తే గొట్టమే నలిగిపోతుంది.

ముందు ఇంటి ఎర్తు సరిగా ఉండాలి

చెడిపోయిన ఎర్తుకు గొట్టాన్ని కలపడం, తెగిన మోకుకు బొక్కెన కట్టడం వంటిది. అంతేకాదు, అది అపకారం కూడా. ఎర్తు పనిచేయని ఇంట్లో, ఆర్.సి.సి.బి. లేనప్పుడు, గ్రైండరుకు వచ్చిన విద్యుత్తు బాండింగు తీగ ద్వారా గొట్టానికి పాకుతుంది. అప్పటివరకు గ్రైండరు దగ్గర మాత్రమే ఉన్న ప్రమాదం గొట్టం పొడుగునా వ్యాపిస్తుంది. కావున వరుస తప్పరాదు: మొదట ఎర్తు, తరువాత ఆర్.సి.సి.బి., ఆపైన బాండింగు.

ఐ.ఎస్. 3043 ప్రకారం ఎర్తుకు వాడే జి.ఐ. గొట్టం లోపలి వ్యాసం 38 మిల్లీ మీటర్లకు, పొడవు రెండున్నర మీటర్లకు తగ్గరాదు. గుంత ఇంటి గోడకు కనీసం ఒకటిన్నర మీటరు దూరంలో ఉండాలి. నేల స్వభావం కూడా ముఖ్యం. బళ్ళారి వైపు నల్లరేగడి వానకాలంలో మంచి ఎర్తు ఇస్తుంది గాని, ఎండకాలంలో నెర్రెలు వాసి కడ్డీని వదిలివేస్తుంది. కోలారు, పావగడ వైపు రాతినేలలో ఒక గుంత చాలకపోవచ్చును. రెండు గుంతలు దూరంగా తవ్వి కలపవలసి ఉంటుంది. యానాం వంటి గోదావరి ఒండ్రునేలలో ఎర్తు సులభంగా దొరుకుతుంది గాని, ఇనుము త్వరగా తినిపోతుంది. ఎక్కడైనా ఎండకాలంలో గుంతకు నీళ్ళు పోయడం, ఏటా ఒకసారి ఎర్తు టెస్టరుతో నిరోధం కొలిపించడం అవసరం. మల్టీమీటరు 230 వోల్టులు చూపించినంత మాత్రాన ఎర్తు బాగున్నదని నమ్మరాదు. బలహీనమైన ఎర్తు మీద కూడా అది అంతే చూపిస్తుంది.

ఆర్.సి.సి.బి. మీద ‘టి’ అక్షరం గల మీట ఉంటుంది. నెలకొకసారి దానిని నొక్కాలి. వెంటనే సరఫరా ఆగితే పరికరం బాగున్నట్లు. ఆగకపోతే మార్పించాలి.

పనివారితో మాట్లాడేటప్పుడు

కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ ఏ భాష మాట్లాడే పనివారైనా ‘ఎర్తింగు’ అంటే గ్రహిస్తారు. ‘బాండింగు’ అన్నమాట అందరికీ తెలియకపోవచ్చును. అటువంటప్పుడు, ‘గ్యాసు పైపునుంచి మెయిన్ ఎర్తు వరకు సిక్స్ స్క్వేర్ రాగి తీగ, అతుకు లేకుండా’ అని వారి భాషలో చెప్పండి, పని అర్థమవుతుంది. వైరింగు అనుమతిపత్రాలను ఆయా రాష్ట్రాల విద్యుత్ విభాగాలు ఇస్తాయి. సరిహద్దు దాటి వచ్చిన పనివారు ఎంత నేర్పరులైనా, మీ ఇల్లు ఏ రాష్ట్రంలో ఉన్నదో ఆ రాష్ట్రంలో చెల్లే పత్రం ఉన్నదో లేదో అడగడం మర్యాదకు లోపం కాదు. బీమా, నష్టపరిహారం మాట వచ్చినప్పుడు మొదట అడిగేది ఆ పత్రమే.

సందేహాలు, సమాధానాలు

*మా పొయ్యికి వెలిగించడానికి కరెంటు ప్లగ్గు ఉన్నది. బాండింగు వేరుగా కావాలా?* పొయ్యి ప్లగ్గు మూడు కాళ్ళదై, దాని ఎర్తు సరిగా ఉంటే, పొయ్యి ఒంటికి ఆ రక్షణ ఉన్నది. నేలలోనుంచి వచ్చే లోహపు గొట్టానికి మాత్రం లావు తీగతో విడిగా బాండింగు కావలసిందే. ప్లగ్గు తీసివేస్తే ఆ ఎర్తు కూడా పోతుంది కదా!

*గొట్టాన్ని తాకితే చిమచిమలాడుతున్నది. ఏమి చేయాలి?* గొట్టాన్ని మళ్ళీ తాకవద్దు. గ్యాసు వాసన ఏమాత్రం లేదని నిర్ధారించుకొని, మెయిన్ స్విచ్చు ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. పొడి చెప్పులు వేసుకుంటే చాలునని వాయిదా వేయవద్దు. ఆ చిమచిమ ముందస్తు హెచ్చరిక.

*బాండింగు చేయిస్తే గొట్టంలోకి కరెంటు వచ్చి గ్యాసు అంటుకోదా?* గొట్టం లోపల గ్యాసే తప్ప గాలి ఉండదు. గాలి లేనిదే మంట లేదు. ప్రమాదం వదులు అతుకుల వద్ద, గ్యాసు కారిన చోట పుట్టే రవ్వవలననే. గట్టి బాండింగు ఆ రవ్వకు అవకాశం తగ్గిస్తుంది. ఆర్.సి.సి.బి. ప్రవాహాన్ని వెంటనే ఆపుతుంది.

*గ్యాసు వాసన వచ్చినప్పుడు మెయిన్ ఆపాలా?* ఆపరాదు. వాసన వచ్చినప్పుడు ఇంటిలోని ఏ స్విచ్చునూ వేయరాదు, ఆపరాదు. రెండింటిలోనూ రవ్వ పుడుతుంది. పొయ్యి మీటలు, రెగ్యులేటరు లేక మీటరు దగ్గరి వాల్వు కట్టివేసి, తలుపులు, కిటికీలు తెరిచి, అందరూ బయటికి రావాలి. ఫోను బయటికి వచ్చిన తరువాతనే చేయాలి. సిలిండరు గ్యాసుకు అత్యవసర సంఖ్య 1906. వీధి గొట్టం గ్యాసుకు సంఖ్య మీటరు దగ్గర గాని, బిల్లు మీద గాని ఉంటుంది. దానిని ముందే గోడ మీద రాసి పెట్టుకోండి. వంటగ్యాసు గాలికంటె బరువైనది, నేలమీద పరుచుకుంటుంది. సహజ వాయువు తేలికైనది, కప్పు కింద చేరుతుంది. కావున తలుపులు, పై కిటికీలు రెండూ తెరవాలి. కారుతున్న చోటును అగ్గిపుల్లతో వెదకరాదు. సబ్బునీళ్ళ బుడగలతోనే చూడాలి.

ఇంటిల్లిపాదీ చూసుకోదగిన పట్టిక

1. గ్యాసు గొట్టం లోహమా, ప్లాస్టికా? నేలలోనుంచి వస్తున్నదా?
2. ఇంటికి సొంత ఎర్తు గుంత ఉన్నదా? ఈ ఏడు కొలిపించారా?
3. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉన్నదా? మీట నొక్కితే ఆగుతున్నదా?
4. గొట్టం మీద క్లాంపు గట్టిగా ఉన్నదా? కింద రంగు, తుప్పు లేవు కదా?
5. తీగ 6 చదరపు మిల్లీ మీటర్ల రాగేనా? ప్రధాన ఎర్తు వరకు అతుకు లేకుండా పోయినదా?
6. ఏ పరికరపు ఎర్తునైనా గ్యాసు గొట్టానికి గాని, న్యూట్రల్‌కు గాని కట్టారా?
7. విద్యుత్ తీగలు గొట్టాన్ని తాకుతున్నాయా?

కొత్త ఇల్లు కట్టేవారు వైరింగు చేయించే రోజుననే ఈ తీగకు దారి వదిలితే ఖర్చు కొన్ని గజాల రాగి, ఒక క్లాంపు మాత్రమే. గోడలు పూర్తయిన తరువాత అదే పనికి గోడ పగులగొట్టవలసి వస్తుంది. ఇప్పటికే గొట్టం ఉన్నవారు వచ్చే వానకాలానికి ముందుగా పై పట్టికను ఒకసారి సరిచూసుకొని, ఆరవ ప్రశ్నకు ‘అవును’ అన్న సమాధానం వస్తే ఆ తీగను ముందుగా ఎలక్ట్రీషియన్ చేత తీయించివేయాలని మనవి.